కబురుకు కాగితాలేవి?

"అమ్మాయ్, నీ ఆవకాయ ఇవాళ బయల్దేరింది. అందగానే జాడీలోకి తీసి రెండు రోజులు కదపకు. పైన నూనె తేలకపోతే ఫోన్ చెయ్యి."

రాజమండ్రిలో పచ్చళ్లు పట్టి అమెరికాకు పంపే మా పెద్దవదిన, న్యూజెర్సీలో ఉన్న ఒక ఖాతాదారుకు పంపుదామనుకున్న కబురు ఇది. నాకైతే ఇందులో దోషమేమీ కనపడలేదు. చెప్పాల్సిన సంగతి ఉంది, చెయ్యాల్సిన పని ఉంది, తేడా వస్తే ఎవరిని అడగాలో ఉంది. మెసేజ్‌లు పంపిపెట్టే కంపెనీకి దాన్ని నమూనాగా ఇచ్చి దరఖాస్తు పెడితే, తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది: తిరస్కరించడమైనది.

కారణాలు మూడు. పంపుతున్నదెవరో రాయలేదు. ఇలాంటి మెసేజ్‌లు వద్దనుకుంటే ఎలా ఆపుకోవాలో రాయలేదు. అసలు ఈ కబురు పంపడానికి ఆ అమ్మాయి అనుమతి ఎలా ఇచ్చిందో రాయలేదు.

"ఎలా ఇవ్వడమేంటయ్యా? తనే ఫోన్ చేసి, 'పిన్నిగారూ, పార్సిల్ బయల్దేరగానే ఓ మెసేజ్ పడెయ్యండి' అంది" అని వదిన.

ఆ కంపెనీ తరఫు కుర్రాడు ఫోన్లో చాలా మర్యాదగా నవ్వాడు. "అది నోటిమాట మేడమ్. దానికైతే మీరేం అడిగారో, ఆవిడేం చెప్పారో మొత్తం స్క్రిప్టు రాసివ్వాలి. మీ వెబ్‌సైట్‌లో టిక్కు పెట్టే గడి ఉంటే దాని స్క్రీన్‌షాట్ చాలు."

అంటే మనిషి నోరు తెరిచి అడిగితే దానికి సంజాయిషీ రాయాలి. ఎప్పుడో ఏదో కొంటూ కళ్లు మూసుకుని ఒక గడిలో నొక్కితే అది శిలాశాసనం. వదినకు వెబ్‌సైట్ లేదు. ఆవిడకున్నది మూడు గ్రైండర్లు, ఇద్దరు సాయం మనుషులు, పెద్దక్షరాల్లో అడ్రసులు రాసిన ఒక లెక్కల పుస్తకం. సరే, టిక్కు గడి కోసం ఒక వెబ్‌సైట్ కట్టించాం. దాంట్లో పచ్చళ్ల బొమ్మలు తర్వాత పెట్టాం, ముందు గోప్యతా విధానం పెట్టాం. మీ ఫోన్ నంబరు మూడో మనిషికి ఇవ్వబోమని అందులో స్పష్టంగా రాస్తే తప్ప దరఖాస్తు కదలదట.

మొదటి రోజు ఆ కుర్రాడు "మాది వంద శాతం కంప్లయంట్ మేడమ్" అన్నప్పుడు వదిన నావైపు తిరిగి, "వంద శాతం కంప్లయింట్లే వస్తాయని ముందే చెబుతున్నాడు, నిజాయితీపరుడు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది.

పైగా కబుర్ల అవసరం ఈమధ్యే పెరిగింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. అప్పట్నుంచి ప్రతి ఖాతాదారుకూ ఒకటే బెంగ: నా డబ్బా ఎక్కడుంది, ఎంత కట్టాలి? వాట్సాప్ ఉందిగా అంటారు. ఉంది, వదిన పొద్దస్తమానం అందులోనే ఉంటుంది. కానీ వ్యాపార ఖాతా తీసుకుని పద్ధతిగా వెళ్దామంటే, 2025 ఏప్రిల్ 1 నుంచి అమెరికా నంబర్లకు ప్రచార మెసేజ్‌లను దాని యజమాని మెటా ఆపేసింది, కొత్త పచ్చడి సంగతి చెప్పుకోలేం. సరే, నేరుగా ఎస్సెమ్మెస్సే పంపుదాం అనుకోవడం మా తప్పు.

చట్టాన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. 1991లో అమెరికా చేసిన టీసీపీఏ చట్టం మంచి కడుపుమంటలోంచే పుట్టింది. అన్నానికి కూర్చున్న వేళ యంత్రాలు ఫోన్లు చేసి సరుకులు అమ్ముతుంటే జనం విసిగిపోయారు. తప్పుడు కాల్ ఒక్కింటికి 500 డాలర్లు, తెలిసి చేస్తే 1,500 దాకా కట్టాలన్నారు. తమాషా ఏంటంటే, అప్పటికి ఒక్క ఎస్సెమ్మెస్ కూడా ఎవరూ పంపలేదు. బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు కంప్యూటర్ నుంచి మొదటి సందేశం పంపింది 1992 డిసెంబరు 3న. పండక్కి పదిహేను రోజుల పైనే ఉండగా పంపిన క్రిస్మస్ శుభాకాంక్షలది. అవతలివాళ్ల అనుమతి పత్రం తీసుకున్నాడో లేదో చరిత్రకారులెవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎస్సెమ్మెస్‌లనూ ఆ చట్టం కిందికే తెచ్చారు.

చట్టం అడిగిన ప్రశ్న ఒకటే: ఆవిడ అడిగిందా? ఆ ప్రశ్నను తీసుకుని దాని చుట్టూ ఒక పరిశ్రమ కట్టారు. ఆ పరిశ్రమ అడిగే ప్రశ్న వేరు: ఫారం నిండిందా? అక్కడి పదంకెల మామూలు నంబర్ల నుంచి వ్యాపార మెసేజ్‌లు పంపాలంటే క్యాంపెయిన్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2023 ఆగస్టు ఆఖరు నుంచి నమోదు కాని నంబర్లను ఆపేస్తున్నారు. ముందు 'బ్రాండ్'గా నమోదు, తర్వాత 'క్యాంపెయిన్'గా నమోదు.

"క్యాంపెయినేంటి? నేనేమన్నా ఎలక్షన్లో నిలబడ్డానా?" అంది వదిన.

నిలబడి ఉంటే చాలా సుఖపడేది. అమెరికాలో ఫోన్లు చెయ్యొద్దని చెప్పుకునే జాబితా ఒకటుంది, 2003 నుంచి. అందులో పేరు రాయించుకున్నా రాజకీయ పార్టీల కాల్స్ ఆగవు, వాటికి మినహాయింపు. చట్టం చేసినవాళ్లు తమ గుమ్మానికి మాత్రం గొళ్లెం పెట్టుకోలేదు. ఎన్నికల సీజన్లో న్యూజెర్సీ ఎడిసన్‌లోని మా ఖాతాదారులు చూపించే ఫోన్లలో విరాళం ఇవ్వమని బతిమాలే మెసేజ్‌ల మధ్య ఆవకాయ కబురును వెతుక్కోవాలి.

రెండో దరఖాస్తులో మళ్లీ పేచీ. మత్తు, పొగాకు, తుపాకులు, ద్వేషం, అశ్లీలం ఇలాంటి మాటల మీద కన్నేసి ఉంచే జల్లెడ ఉంటుందట. మా జాబితాలో ఇడ్లీకారప్పొడిని ఇంగ్లీషులో 'గన్‌పౌడర్' అని రాశాం, ఏ హోటల్ మెనూలో చూసినా అదే కదా. కుర్రాడు కంగారుపడ్డాడు. "సర్, ఆ మాట తీసెయ్యండి సర్, తుపాకులనుకుంటారు." తీసేశాం. వెల్లుల్లి కారం వల్ల జాతీయ భద్రతకు వచ్చిన ముప్పు అలా తప్పింది.

ఇప్పుడు అక్షరాల లెక్క. వదిన తెలుగులోనే పంపాలంటుంది. పచ్చడి తెలుగుది, తినేది తెలుగు పిల్ల, మధ్యలో ఇంగ్లీషెందుకని ఆవిడ వాదన. ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దు 1985లో పెట్టారు. జర్మనీలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజినీరు టైపుమిషను ముందు కూర్చుని వాక్యాలు కొట్టి చూసుకుని, ఇంత చాలు అనుకున్నాడు. ఆయన టైపుమిషనులో ఒత్తులు లేవు. అందుకే ఇంగ్లీషుకు 160, తెలుగు ఒక్క అక్షరం దూరినా మొత్తం మెసేజ్‌కు 70. ఆ డెబ్బైలోనూ గుణింతం వేరు, పొల్లు వేరు, సున్నా వేరు. మన కంటికి 'స్త్రీ' ఒక్క అక్షరం, యంత్రం లెక్కలో ఆరు.

వదిన కబురును నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. 70 సరిగ్గా "రెండు రోజులు" దగ్గర అయిపోతుంది. "కదపకు" గట్టు మీద మిగిలిపోతుంది. మొత్తం లెక్క 108 అని చెబితే వదిన ముఖం వెలిగింది, అష్టోత్తరం కదా మరి. 108 అంటే రెండు మెసేజ్‌ల డబ్బు. దాని పక్కన కంపెనీ పేరు, ఆపుకునే దారి, ఛార్జీల హెచ్చరిక చేరిస్తే మూడు దాటుతుంది. పచ్చడి బరువు తూచినట్టు దీర్ఘాలు, ఒత్తులు తూచి అమ్ముతున్నారన్నమాట. చివరికి ఖర్చుకు జడిసి ఇంగ్లీషుకే దిగాం. ఇదిగో, నెల్లాళ్లు తపస్సు చేసి అన్ని పరీక్షలూ నెగ్గిన కబురు:

"యువర్ ఆర్డర్ హ్యాజ్ షిప్డ్. రిప్లై స్టాప్ టు ఆప్ట్ అవుట్, హెల్ప్ ఫర్ హెల్ప్. మెసేజ్ అండ్ డేటా రేట్స్ మే అప్లై."

దీని ముందు కంపెనీ పేరొకటి. ఆవకాయ లేదు, జాడీ లేదు, నూనె లేదు. "చివర్లో మాగాయ కూడా వచ్చిందని ఒక ముక్క కలపనా?" అనడిగింది వదిన ఆశగా. కుర్రాడు వెంటనే, "అది కలిపితే ప్రచారం అయిపోతుంది మేడమ్, దానికి రాతపూర్వక అనుమతి విడిగా కావాలి, వేళలు కూడా చూసుకోవాలి" అన్నాడు.

వేళల సంగతి ఒక పురాణం. అమ్మకపు కబుర్లు అవతలివాళ్ల గడియారం ప్రకారం పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది లోపే చేరాలి. ఫ్లోరిడాలో రాత్రి ఎనిమిదికే తలుపులేస్తారు. రాజమండ్రిలో పొద్దున పదింటికి డబ్బాకు టేపు వేసి హుషారుగా మెసేజ్ కొడితే, వేసవిలో న్యూజెర్సీలో అప్పుడు అర్ధరాత్రి పన్నెండున్నర. సరే, సాయంత్రం ఐదున్నర దాకా ఆగుదాం, అక్కడ ఎనిమిదవుతుంది. కానీ అక్కడంటే ఎక్కడ? మన పిల్లలు ఎమ్మెస్ చదివిన ఊళ్లో తీసుకున్న నంబరును, ఉద్యోగం మారి నాలుగు రాష్ట్రాలు తిరిగినా వదలరు. నంబరు మొదట్లో న్యూజెర్సీ 732 ఉంటుంది, మనిషి కాలిఫోర్నియాలో తెల్లవారుజామున ఐదింటికి గాఢనిద్రలో ఉంటాడు. ఒక్కో మెసేజ్‌కు 500 డాలర్లు అన్న మాట తెలిసిన లాయర్లు మాత్రం ఏ వేళప్పుడైనా మేలుకునే ఉంటారు.

ఇంత కట్టుదిట్టం చేశారు కదా, మోసగాళ్లు ఏమయ్యారు? వాళ్లు దరఖాస్తు పెట్టుకోరు. టోల్ బకాయి ఉంది, వెంటనే కట్టమంటూ ఫిలిప్పీన్స్ నంబర్ల నుంచి ఐమెసేజ్‌లో దిగబడతారు. వాళ్లకు బ్రాండ్ లేదు, క్యాంపెయిన్ లేదు, గోప్యతా విధానం అసలే లేదు. కబురు మాత్రం చేరిపోతుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? ఇక్కడ టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు తెచ్చి, బ్లాక్‌చెయిన్ లెడ్జర్లు పెట్టించి, పంపే పేరునీ మెసేజ్ మూసనీ ముందే నమోదు చెయ్యాలంది. 2021 మార్చి 8న జల్లెడ పట్టడం మొదలెట్టగానే దేశమంతా ఓటీపీలు ఆగిపోయాయి. మర్నాడే జల్లెడను ఏడు రోజులు అటకెక్కించారు. ఇప్పుడు పంపినవాడి పేరు చివర తోక కూడా ఉంటుంది: 'పి' అంటే ప్రచారం, 'ఎస్' సేవ, 'టి' లావాదేవీ, 'జి' ప్రభుత్వం. అంతకుముందు నా ఫోన్‌కు ప్లాట్ల అమ్మకం మెసేజ్‌లు ఊరికే వచ్చేవి. ఇప్పుడు గుర్తింపు కార్డు మెళ్లో వేసుకుని మరీ వస్తున్నాయి. నేను అనుమతి ఎప్పుడిచ్చానంటే, ఏడాది కిందట ఒక బట్టల షాపులో పంచె కొంటూ బిల్లు కోసం నంబరు చెప్పానట. బిల్లుకు నంబరు తప్పనిసరని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే షాపులకు చెప్పింది. కౌంటర్లో కుర్రాడికి ఆ మాట చెబితే, "నంబర్ లేకపోతే సిస్టమ్ తీసుకోదు సార్" అన్నాడు. అవతల లైన్లో ఇరవై మంది. చెప్పేశాను. అదే నా స్వేచ్ఛాయుత, సమాచారపూర్వక సమ్మతి.

వదిన కథ ఇంకా అవలేదు. డల్లాస్‌లో ఒకావిడ అరకిలో గోంగూర వద్దనుకుని, వచ్చిన మెసేజ్‌కే 'క్యాన్సిల్' అని జవాబు కొట్టింది. నియమాల ప్రకారం 'స్టాప్'కు ఎంత విలువో 'క్యాన్సిల్'కూ అంతే విలువ. యంత్రం ఆవిడ కోరికను తక్షణం గౌరవించి, ఇకమీదట ఆవిడకు ఏ మెసేజూ వెళ్లకుండా చేసింది. గోంగూర మాత్రం వెళ్లింది. ఆర్డరు రద్దు కాలేదని ఆవిడకు చెప్పే దారి మాకు చట్టబద్ధంగా మూసుకుపోయింది.

ఇక న్యూజెర్సీ అమ్మాయి. మన నెల్లాళ్ల కష్టార్జితం ఆ అమ్మాయికి చేరిన పది నిమిషాల్లో వదినకు ఫోనొచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"పిన్నిగారూ, ఎవరో మీ వ్యాపారం పేరు పెట్టుకుని ఇంగ్లీషులో మెసేజ్‌లు పంపుతున్నారండీ. మీరు ఇలా రాయరు కదా, చూడగానే అనుమానమొచ్చింది. లింకులేం నొక్కలేదు. 7726కి ఫార్వర్డ్ చేసి రిపోర్ట్ కొట్టేశాను, మీరేం కంగారుపడకండి."

అక్కడి ఫోన్లలో ఆ నాలుగంకెల మీద అక్షరాలు చదివితే 'స్పామ్' అని వస్తుంది.

మూడో రోజు కంపెనీ నుంచి మెయిలొచ్చింది. మీ క్యాంపెయిన్ మీద ఖాతాదారు నుంచి కంప్లయింట్ అందింది, అనుమతి ఆధారంతో సహా 500 అక్షరాల లోపు వివరణ ఇవ్వగలరు, లేనిచో సేవలు నిలిపివేయబడును. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఏం రాయమంటారు వదినా అనడిగాను. ఆవిడ బేసిన్లో మామిడి ముక్కలకు ఆవపిండి పట్టిస్తోంది. తల ఎత్తలేదు.

"ఆ రాతలు తర్వాత రాద్దువుగానీ, ముందా పిల్లకి ఫోన్ కలిపి ఇటియ్యి. నూనె తేలిందో లేదో."