పుట్టీ మహాత్మ్యం

ధర్మవరంలో పట్టుచీర బేరమాడే మనిషిని ఎప్పుడైనా గమనించారా? చీర తిరగేసి వెనకవైపు చూస్తాడు. అంచు చివర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తాడు. వెంట్రుక కాలిన కంపు కొడితేనే అసలు పట్టని నమ్ముతాడు. అదే మనిషి ఇల్లు కొనడానికి వెళ్లి హాల్లో పది నిమిషాలు కూర్చుంటాడు. కాఫీ తాగి, ‘గాలీ వెలుతురూ బాగుందప్పా’ అని టోకెన్ అడ్వాన్సు చేతిలో పెట్టి వస్తాడు.

ఇలాంటి పెద్దమనుషుల కోసమే మన ఊళ్లలో ఒక విద్య పుట్టింది. ‘అమ్మే ముందు ఇంటిమీద లక్ష పెట్టన్నా, ఐదు లక్షలు ఎక్కువొస్తాయి’ అనేది దళారి మంత్రం. ఆ లక్ష ఎందులో పెట్టాలో కూడా ఆయనే చెబుతాడు. కారే శ్లాబులో కాదు, శ్లాబు కింద ఫాల్స్ సీలింగులో. పగిలిన పైపులో కాదు, పైపు పక్క గోడమీద పుట్టీలో.

పుట్టీ మహత్తు సామాన్యమైంది కాదు. పునాదిలోంచి చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. ఎక్కుతూ ఇటుకలోని ఉప్పును వెంట తెస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు తెల్లగా తేలి రంగును పెచ్చులుగా రాలగొడుతుంది. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపడం మేస్త్రీ పని. రెండు పూతల పుట్టీ, పైన మీగడ రంగు పూయడం అమ్మకపు పని. అది ఎన్నాళ్లు ఆగుతుందని అడక్కండి. రిజిస్ట్రేషన్ దాకా ఆగితే చాలు.

హిందూపురంలో ఇంకో తతంగం ఉంది, నీళ్లది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే లేచిన సందర్భాలు ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. అయినా అమ్మకానికున్న ఇంట్లో మాత్రం కొళాయి తిప్పగానే గంగమ్మ దూకుతుంది. ముందురోజు రాత్రి సంపులోకి ట్యాంకరు దిగిన సంగతి వీధంతా తెలుసు, కొనేవాడికి తప్ప. బెంగళూరు నుంచి వచ్చినవాడైతే మరీ మంచిది. అక్కడ తానూ ట్యాంకరు నీళ్లే తాగి వచ్చాడు గనుక ధార చూడగానే కళ్లు చెమరుస్తాయి.

ధర్మవరం ముస్తాబు వేరు. నేతగాడి ఇంట్లో ముందుగది గుంత మగ్గానిది. గుంతలో కాళ్లు పెట్టి పావళ్లు తొక్కుతూ తరాలు గడిపిన చోటు అది. ఇల్లు అమ్మకానికి రాగానే మగ్గం విప్పేస్తారు, గుంతలో రాళ్లూ రప్పలూ పోసి పైన నిగనిగలాడే టైల్స్ పరుస్తారు. ఇకనుంచి దాని పేరు డ్రాయింగు రూము. దిమ్మిస చేయని పూడిక కదా, నాలుగు నెలల్లో కుంగి, కాలు పెడితే టైల్ డొల్లగా మోగుతుంది. నన్నడిగితే ఆ ఇంట్లో దాచకుండా చూపించాల్సిన ఒకే ఒక గొప్ప వస్తువు మగ్గమే. దాన్నే ముందు మాయం చేశారు.

పెనుకొండలో ఇంటికన్నా ముందు చిరునామాకు రంగేస్తారు. 2017లో కియాతో ఒప్పందం కుదిరి, 2019లో ఎర్రమంచి నుంచి కార్లు బయటికొచ్చాక, చుట్టూ ఉన్న ప్రతి ఇల్లూ ‘కియాకు పది నిమిషాలే’. ఏ బండిమీద, ఏ వేగంతో అని అడిగితే దళారికి కోపమొస్తుంది. ఓ గదిలో ఏసీ బిగించి ‘కొరియావాళ్లు అద్దెకొస్తారు సార్’ అంటాడు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర రాజధాని ఈ ఊరికే తరలింది. ఆ రాజులు వాడిన గగన్‌మహల్ పుట్టీ మొహం చూడకుండానే ఇప్పటికీ నిలబడి ఉంది.

అసలు తమాషా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, ఫీజు 1, మొత్తం నూటికి ఏడున్నర కట్టాలి. కట్టడం పాతదైతే విలువలో తరుగు ఇస్తారు. అంతే! నిన్నటిదాకా ‘కొత్తిల్లు లాంటిది’ అన్న ఇల్లు దస్తావేజులో ఒక్కసారిగా ముసలిదైపోతుంది. ముప్పై ఏళ్ల వయసు, పాత శ్లాబు, శిథిలావస్థ అని రాయిస్తారు. ఆ ఇంటిగురించి ఎవరైనా నిజం పలికింది ఆ కాగితంమీదే, అదీ పన్ను తగ్గించుకోవడానికి.

‘అందంగా చూపిస్తే తప్పేంటి?’ అంటారు. ఇల్లు ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేస్తే తప్పు లేదు. పాత రంగు వెలిసిపోతే కొత్త రంగేసినా తప్పు లేదు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఒకటుంది. మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనిపెట్టలేని పెద్ద లోపం తనకు తెలిసుంటే, అమ్మేవాడు చెప్పి తీరాలంటుంది, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప. కంటికి కనిపించే చెమ్మమీద పుట్టీ పూసి కనిపించకుండా చేసినవాడు, చెప్పాల్సిన బాధ్యతను తన చేత్తోనే నెత్తిన పెట్టుకున్నట్టు.

కొనబోయేవాళ్లకు ఒక విన్నపం. చెప్పాపెట్టకుండా వెళ్లండి, వాన పడ్డ మర్నాడైతే మరీ మంచిది. బోరు మోటారు వేయించి గంటసేపు అక్కడే నిలబడండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు మీరే తీయించుకుని చదవండి. కాఫీ మాత్రం పక్కింట్లో తాగండి.