కొన్నట్టి సర్వరు: ఒక ఆటవెలదికి టీకా, తాత్పర్యం

అవతారిక

సోమవారం పొద్దున పదింటికి హెల్ప్‌డెస్కులో టికెట్ నంబరు నొక్కితే పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఫోనులో ఉన్నాయన "ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్" అనే మాట మూడోసారి విని కట్ చేస్తాడు. సాయంత్రం మీటింగు. అందులో ఎవరో ఒకరు "సర్వరు పాతదైపోయింది, కొత్తది కొందాం" అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. ఆ తలూపుడుకు విరుగుడుగా పుట్టిన పద్యం ఇది.

పద్యానికి విషయం రిక్వెస్ట్ ట్రాకర్. 1996లో జెస్సీ విన్సెంట్ మొదలుపెట్టిన ఈ పెర్ల్ సాఫ్ట్‌వేరును వాడేవాళ్లు ముద్దుగా ఆర్‌టీ అంటారు. టికెట్టు తెరవడం, జవాబివ్వడం, ఒకరి నుంచి ఇంకొకరికి మార్చడం, మూసేయడం: ప్రతి పనికీ డేటాబేసులో ఒక వరస పడుతుంది. వచ్చిన ఈమెయిలూ, దానికి తగిలించిన స్క్రీన్‌షాటూ, మామూలుగా అన్నీ అటాచ్‌మెంట్స్ అనే ఒకే టేబుల్లోకి చేరతాయి. కనుక ఆర్‌టీ ఆరోగ్యమంటే చాలావరకు డేటాబేసు ఆరోగ్యమే.

మూలమూ టీకా ఒకరివే కావడం దోషం కాదా అంటే, పరుల పద్యం ముట్టకుండా రసగంగాధరం నిండా సొంత పద్యాలే ఉదహరించుకున్న జగన్నాథ పండితరాయలు మనవాడే గదా అని సమాధానం.

మూలం

మెమరి చాలకున్న మెల్లనగును డిస్కు
సూచి లేక వెదుక సుడిని బడును
కొలిచి చూడకుండ కొన్నట్టి సర్వరు
పాత జబ్బు మోయు పల్లకీయె

ప్రతిపదార్థం

మెమరి = ర్యాము; చాలకున్న = సరిపోకపోతే; డిస్కు = డిస్కు; మెల్లనగును = నెమ్మదిస్తుంది; సూచి లేక = ఇండెక్సు లేకుండా; వెదుక = వెతికితే; సుడిని బడును = గిరగిర తిరుగుతుంది (ఏది? సీపీయూ అని అధ్యాహారం); కొలిచి చూడకుండ = ఏది ఆలస్యమవుతోందో లెక్క తీయకుండా; కొన్నట్టి = మూడు కొటేషన్లు తెప్పించి, ఫైనాన్సు వాళ్లను ఒప్పించి తెచ్చుకున్న; సర్వరు = కొత్త యంత్రం; పాత జబ్బు = మునుపటి రోగాన్ని; మోయు = మోసే; పల్లకీయె = పల్లకీ మాత్రమే.

మొదటి పాదం

శంక: ర్యాము తక్కువైతే కష్టం ర్యాముకు రావాలి. మధ్యలో డిస్కు ఎందుకు నెమ్మదిస్తుంది?

సమాధానం: డేటాబేసు తనకు కావలసిన డేటా పేజీలను (తెర మీది పేజీలు కావు) ర్యాములో పెట్టుకుని చదువుతుంది. అక్కడ లేనిదాని కోసం డిస్కు దగ్గరికి వెళ్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందికి వచ్చేసరికి సగటున సగం చుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు పోతాయి. తల అటూ ఇటూ జరిగే సమయం కూడా కలిపితే, చెదురుమదురుగా ఉన్న పేజీలను సెకనుకు వంద చదవడమే గగనం. అదే పేజీని మంచి ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ మిల్లీసెకనులో పదో వంతు దగ్గర తెచ్చిస్తుంది. ర్యాములో ఉన్న పేజీకి ఆ పాటి నిరీక్షణ కూడా అక్కరలేదు. కాబట్టి నేరం డిస్కుది కాదు, అక్కరలేని పని దాని నెత్తిన పడింది. కవి "చెడును" అనకుండా "మెల్లనగును" అన్నది ఇందుకే.

"చాలకున్న" అన్న మాటలో ఇంకో గుట్టు ఉంది. యంత్రంలో ర్యాము ఉండటం వేరు, డేటాబేసుకు దాన్ని ఇవ్వడం వేరు. ఆర్‌టీ కింద సాధారణంగా మైఎస్‌క్యూఎల్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ డేటాబేసుగా ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ పేజీలు పెట్టుకునే ఇన్నోడీబీ బఫర్ పూల్‌ను మనం ముట్టుకోకపోతే 128 ఎంబీ. పోస్ట్‌గ్రెస్‌లో షేర్డ్ బఫర్స్ కూడా మామూలుగా 128 ఎంబీయే. 64 జీబీ సర్వరు తెచ్చి ఆ ఒక్క లైను మార్చకపోతే డేటాబేసు తన 128 ఎంబీలోనే సర్దుకుంటుంది. పైది ఆపరేటింగ్ సిస్టమ్ దయ. డేటాబేసు ఒక్కటే నడిచే యంత్రంలో బఫర్ పూల్‌కు ర్యాములో 80 శాతం దాకా ఇవ్వవచ్చని మైఎస్‌క్యూఎల్ పత్రాలు చెబుతాయి. పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ కాషెను కూడా నమ్ముకుంటుంది గనుక 25 శాతంతో మొదలుపెట్టమంటుంది.

"ఒక్కటే నడిచే" అన్న విశేషణాన్ని దాటేసి చదివినవాడు చిక్కుల్లో పడతాడు. అదే యంత్రంలో ఆర్‌టీ కూడా ఉంటే, దాని ఒక్కో పెర్ల్ ప్రాసెస్ తన వంతు మెమరీని, తన వంతు డేటాబేసు కనెక్షన్‌ను పట్టుకుని కూర్చుంటుంది. స్లోగా ఉందని ఆ ప్రాసెస్‌ల సంఖ్య పెంచితే ర్యాము నిండి స్వాప్ మొదలవుతుంది. అప్పుడు వీఎంస్టాట్ కమాండు కొట్టి చూడండి: ఎస్ఐ, ఎస్ఓ (స్వాప్ ఇన్, స్వాప్ అవుట్) అనే రెండు నిలువు వరసల్లో సున్నాల చోట అంకెలు కదులుతూ ఉంటాయి. వైద్యంగా ఇచ్చిన మందే రోగాన్ని పెంచిందన్నమాట. పోస్ట్‌గ్రెస్ వర్క్ మెమ్ సంగతీ అంతే. మామూలుగా 4 ఎంబీ. అది సర్వరు మొత్తానికి కాదు, క్వెరీలో వచ్చే ఒక్కో సార్టింగుకు. దాన్ని 256 ఎంబీ చేసి వంద కనెక్షన్లు ఒక్కో సార్టింగు చేస్తే దాదాపు 25 జీబీ హారతి కర్పూరం.

పాఠాంతరం: "కోర్లు చాలకున్న మెల్లనగును" అని అమ్మకందార్ల ప్రతుల్లో కనిపిస్తుంది. అందులో కో, మె అక్షరాలకు యతి కుదరదు గనుక త్యాజ్యం. శాస్త్రరీత్యా కూడా నిలవదు. మైఎస్‌క్యూఎల్ ఒక క్వెరీని దాదాపుగా ఒకే కోరు మీద నడుపుతుంది. ఒక్కడు తెరిచిన ఒక్క పేజీ ఆలస్యమైతే ముప్ఫై రెండు కోర్లలో ముప్ఫై ఒకటి చూస్తూ కూర్చుంటాయి. అక్కడ పనికొచ్చేది క్లాక్ స్పీడు. ఒకేసారి వందమంది తెరిచే చోట మాత్రం కోర్లకు గౌరవం ఉంది.

రెండో పాదం

కోటి వరసల టేబుల్లోనైనా బీ-ట్రీ ఇండెక్సు ఉంటే మూడు నాలుగు మెట్లు దిగేసరికి కావలసిన వరస చేతికొస్తుంది. లేకపోతే మొదటి నుంచి చివరిదాకా తడమాలి. టేబులంతా ర్యాములోనే ఉంటే డిస్కు ఊరుకుంటుంది, సీపీయూ మాత్రం నూరు శాతం దగ్గర నిలబడిపోతుంది. మొదటి పాదంలోని జబ్బును నయం చేస్తే రెండో పాదంలోది బయటపడటం ఈ పద్యం క్రమంలోని చమత్కారం.

శంక: ఆర్‌టీ తన టేబుళ్లకు ఇండెక్సులు తానే పెట్టుకుంటుంది గదా, ఇక లేకపోవడమేమిటి?

సమాధానం: "వెదుక" అన్నాడు. టికెట్ నంబరుతో, క్యూ పేరుతో వెతికితే ఇబ్బంది లేదు. "ప్రింటర్ అనే మాట ఎక్కడో ఒక మెయిల్లో వచ్చింది, చూడండి" అని టికెట్ల లోపలి మాటల్ని వెతికితేనే సుడి. మాటకు ముందూ వెనకా ఏదైనా ఉండవచ్చని అడిగే లైక్ క్వెరీకి బీ-ట్రీ పనికిరాదు, ఎందుకంటే అది మొదటి అక్షరం నుంచి పట్టుకుంటూ పోతుంది. అన్నిటికంటే లావైన అటాచ్‌మెంట్స్ టేబుల్నే వరస వరసా తిరగేయాలి. దీనికి ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సు వేరే కట్టుకోవాలి, ఆర్‌టీలో అందుకు ఏర్పాటుంది. పెద్ద ఫైళ్లను డేటాబేసు బయట దాచే సదుపాయం కూడా ఉంది.

అలాగని కనబడ్డ ప్రతి కాలమ్‌కూ ఇండెక్సు పెట్టడం అతి. కొత్త వరస చేరిన ప్రతిసారీ ఆ ఇండెక్సులన్నింటినీ దిద్దాలి. పైగా అవి కూడా మొదటి పాదంలోని ర్యాములోనే చోటడుగుతాయి.

మూడో పాదం

ఇదే పద్యానికి ఆయువుపట్టు. మెదక్ సీమ కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి మూలంలో ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని నియమం పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. సర్వరుకు ట్యూనింగ్ చేసేవాడికీ ఇదే నియమం: కొలతలో కనబడనిదాన్ని మార్చకూడదు, అక్కరలేనిదాన్ని కొనకూడదు. కాన్ఫిగరేషన్ ఫైలులో ప్రతి లైనుకూ "ఇది ఎందుకు మార్చాం" అనే ప్రశ్నకు జవాబుండాలి. ఎక్కడో చదివి దించుకున్న లైనుకు ఆ జవాబుండదు.

కొలవడం ఎలాగ? మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ ఉంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా పది సెకన్లు దాటిన క్వెరీనే రాస్తుంది. తొమ్మిది సెకన్లు నానబెట్టే పేజీ దాని దృష్టిలో చురుకైనదే! ఆ హద్దును ఒక సెకనుకో ఇంకా కిందికో దించాలి. పట్టుబడ్డ క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ అని చేర్చి నడిపితే డేటాబేసు తన దారి తానే చెబుతుంది. పెద్ద టేబుల్ మీద పోస్ట్‌గ్రెస్‌లో సీక్వెన్షియల్ స్కాన్ అని, మైఎస్‌క్యూఎల్‌లో ఆల్ అని కనిపిస్తే రెండో పాదానికి వెళ్లాలి.

ఒక్కోటి ఎంతసేపు పట్టిందన్నదే చూస్తే చాలదు, ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూడాలి. రోజుకు ఒకసారి 30 సెకన్లు తినే రిపోర్టు మీద అందరి కన్నూ పడుతుంది. 50 మిల్లీసెకన్ల క్వెరీ రోజుకు 20,000 సార్లు వస్తే అది తినేది 1,000 సెకన్లు. దాని గురించి ఎవరూ కంప్లెయింట్ చేయరు.

నాలుగో పాదం

శంక: పల్లకీని బోయీలు మోస్తారు గానీ పల్లకీ దేన్నైనా మోస్తుందా?

సమాధానం: లోపల కూర్చున్నదాన్ని పల్లకీ మోస్తుంది, పల్లకీని బోయీలు మోస్తారు. లోపల కూర్చున్నది పాత క్వెరీ. బోయీలు నైట్ షిఫ్టులో ఉన్న మాదాపూర్ కుర్రాళ్లు.

శంక: అయితే కొత్త సర్వరు కొననే కూడదా?

సమాధానం: నింద విశేషణానికే, విశేష్యానికి కాదు. "కొలిచి చూడకుండ" అన్నదాన్ని తీసేస్తే కొన్న సర్వరు మీద కవికి పగ లేదు. ఇండెక్సులు సరిగా ఉన్నా తరచూ తిరగేసే డేటా ర్యాములో పట్టకపోతే ర్యాము కొనాలి. ప్రతి కమిట్ దగ్గరా డిస్కు కోసం ఆగుతుంటే, కరెంటు పోయినా రాతలు పోగొట్టని ఎంటర్‌ప్రైజ్ ఎస్ఎస్‌డీ కొనాలి. డిస్కులు ఎక్కువుంటే రెయిడ్ 5 కంటే రెయిడ్ 10 మేలు. చిన్న రాత ఒక్కదానికి రెయిడ్ 5 పాత డేటా చదివి, పాత పారిటీ చదివి, కొత్తవి రెండూ రాస్తుంది, మొత్తం నాలుగు పనులు. రెయిడ్ 10కు రెండే.

ఇక్కడ ఒక అడ్డదారి ఉంది. ఇన్నోడీబీ ప్రతి కమిట్‌కూ లాగ్‌ను డిస్కుకు చేర్చే సెట్టింగు విలువను 1 నుంచి 2కు మారిస్తే వేగం పెరుగుతుంది. కరెంటు పోతే మాత్రం చివరి సెకను టికెట్లు పోవచ్చు. అది ఒప్పుకోదగ్గదా కాదా అన్నది టికెట్లు ఎవరివో వాళ్లను అడిగి తేల్చాలి. సిస్టమ్స్ గదిలో తేల్చే విషయం కాదు.

తాత్పర్యం

ర్యాము చాలకపోతే డిస్కు, ఇండెక్సు లేకపోతే సీపీయూ నలుగుతాయి. నలిగేది ఒకటి, కారణం ఇంకొకటి. ఆ తేడా కొలిస్తేనే తెలుస్తుంది. కొలవకుండా కొన్న యంత్రం కారణాన్ని ముట్టుకోదు. నలిగేదాన్ని కొంచెం గట్టిది చేస్తుంది, డేటా పెరిగేదాకా గడువిస్తుంది.

విశేషాలు

ఛందస్సు ఆటవెలది. అలంకారం రూపకం. రసం చెప్పడం కష్టం: హెల్ప్‌డెస్కువాడికి కరుణ, ఫైనాన్సువాడికి రౌద్రం, సర్వరు అమ్మినవాడికి శాంతం.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి స్లో క్వెరీ లాగ్ ఆన్ చేసినవారికి వారం తిరిగేసరికి దోషి క్వెరీ దొరుకుతుంది, సర్వరు అవసరం లేదని తేలే అవకాశమూ ఉంది. చదవకుండా పర్చేజ్ ఆర్డరు పెట్టినవారికి సర్వరు తప్పక లభిస్తుంది, వారంటీతో సహా. వారంటీలో డిస్కు పోతే డిస్కు మారుస్తారు, ర్యాము పోతే ర్యాము మారుస్తారు. క్వెరీ రాసినవాడిని మాత్రం మార్చరు.