అర గ్లాసు

నేను కాఫీ ఎక్కువ తాగను. ఎప్పుడు తాగినా అర గ్లాసే. ముప్ఫయ్యేళ్లుగా డాక్టర్లకీ, చుట్టాలకీ, దేవుడికీ ఇదే చెప్తున్నాను.

మొన్న బీపీ చూడబోతూ డాక్టరుగారు, "ఇప్పుడేమైనా కాఫీ తాగొచ్చారా?" అన్నారు. "అబ్బే, అర గ్లాసండీ." కాఫీకి బీపీ కాసేపు ఎగురుతుందట. పట్టీ విప్పేసి, అరగంట ఆగి రమ్మన్నారు. ఊరికే కూర్చోలేక కింద క్యాంటీన్లో ఇంకో అర గ్లాసు పట్టించి వచ్చాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నా అర గ్లాసు కాఫీని మనవరాలి పాలసీసాలోకి ఒంపింది. 180 మిల్లీలీటర్ల గీత మునిగింది. గ్లాసు మా నాన్నగారి నాటిది. చెంబుకి తమ్ముడిలా ఉంటుంది.

"ఇలాంటివి రోజుకెన్ని?"

"నాలుగు. ఎవరైనా వస్తే ఐదు."

"మనింటికి ఎవరూ రాని రోజేదీ?"

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. పొడితో దించిన కాఫీ 150 మిల్లీలీటర్లలోనే 80 నుంచి 120 దాకా ఉంటుంది. ఆవిడ వేళ్లమీద లెక్క మొదలుపెట్టేసరికి నేను మాట మార్చాను. రోజుకి మూడు నాలుగు కప్పులు తాగేవాళ్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయని పెద్ద పెద్ద అధ్యయనాలే ఉన్నాయి మరి. గొంతు సవరించుకుని చదివి వినిపించాను.

"వాళ్లూ గ్లాసుకి మూడు చెంచాల పంచదార వేసుకున్నారా?"

ఆ ముక్క నాకు ఎక్కడా దొరకలేదు.

దొరికింది ఇంకోటి. కాఫీగింజ నూనెలో కెఫెస్టాల్ అని ఒకటుందిట, చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. కాగితపు ఫిల్టరు దాన్ని చాలావరకు పట్టేస్తుంది. మన స్టీలు ఫిల్టరు చిల్లులు అంతగా ఆపలేవు. ప్రాణం లేచొచ్చింది. తప్పు నాదీ కాదు, కాఫీదీ కాదు, చిల్లులది! ఆ సాయంత్రమే వంద కాగితాల ప్యాకెట్టు కొనుక్కొచ్చాను.

తెల్లవారుజామున అయిదింటికి స్టీలు ఫిల్టరులోనే కాగితం పరిచి, పొడి వేసి, మరిగిన నీళ్లు పోశాను. శివుడి మీద ధారాపాత్రలా ఒక్కో బొట్టే దిగుతోంది. ఆరున్నరకి కింది గిన్నెలో చూస్తే అడుగు తడిసిందంతే. తట్టాను, కుదిపాను. తలనొప్పి మొదలైంది. చివరికి చెంచా కాడతో కాగితాన్ని పొడిచేశాను. డికాక్షన్ బుడబుడా దిగింది. ఆ పూట ముప్పావు గ్లాసు తాగాను.

మిగిలిన తొంభై తొమ్మిది కాగితాలూ వంటింట్లోనే ఉన్నాయి. గారెల నూనె పీల్చడానికి భేషుగ్గా పనికొస్తున్నాయి.