మొగలి పొత్తులు మోసిన సైకిల్ని

నేను 28 అంగుళాల చక్రాల నల్ల సైకిల్ని. మద్రాసు పక్కన అంబత్తూరులో పుట్టాను. ఇంగ్లండు కంపెనీ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి మురుగప్ప వారు 1949లో పెట్టిన కంపెనీ నాది. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువు వెనకే ఎక్కువ పడుతుందని ఎరిగినవాళ్లు వేసిన లెక్క అది. పుట్టుక గురించి ఇంతే, నా బతుకంతా గడిచింది ఒడిశాలోని గంజాం జిల్లా చికిటిలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇదీ మద్రాసు ప్రెసిడెన్సీయే. బజారులో ఒడియా వింటాను, ఇంట్లో తెలుగు వింటాను.

నన్ను కొన్న పెద్దాయన పొలం గట్ల మీద మొగలి పొత్తులు కోసేవాడు. వానాకాలంలో అదే మా పని. తెల్లవారుజామునే కోయాలి. పొద్దెక్కితే వాసన పోతుంది, వాసన పోతే ధర పోతుంది. గోనెలో కట్టి నా క్యారియర్‌కు బిగించి అత్తరు బట్టీకి తొక్కేవాడు. మొగలి ముళ్లు టైర్లలో దిగేవి. గట్టు మీదే కూర్చుని పంచరు వేసుకునేవాడు. రాత్రి ఎంత అలిసిపోయినా నన్ను తుడిచి, చైనుకు నూనె పెట్టాకే అన్నానికి లేచేవాడు. గంజాం మొగలిపువ్వుకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. అందులో నా చక్రాలకూ వంతు ఉందని గట్టిగా నమ్ముతాను.

ఆయన కొడుకు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నా మీదే నేర్చుకున్నాడు. బరంపురంలో ఉద్యోగం వచ్చింది, మోటారు సైకిలు వచ్చింది. నేను వసారాలోంచి గొడ్లసాలకు మారాను. సీటు తోలు ఎలుకలు కొరికాయి. బెల్లు మూత ఎవరో విప్పుకుపోయారు. కోళ్లు నా హ్యాండిల్ మీద పడుకునేవి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు రోడ్ల నిండా కూలిన చెట్లే. మోటారు సైకిలు గడప దాటలేదు. ముసలాయనకు మందులు అయిపోయాయి. అప్పుడు కొడుక్కి నేను గుర్తొచ్చాను. బీటలు వారిన టైర్లకే గాలి కొట్టాడు. చెట్టు అడ్డమొచ్చిన చోటల్లా భుజాన వేసుకుని దాటించాడు, దారి ఉన్నచోట ఎక్కి తొక్కాడు. మందులు తెచ్చాం. రోడ్లు బాగుపడ్డాక నన్ను మళ్లీ సాలలోనే పెట్టాడు, ఒంటినిండా బురదతో. ఒక గుడ్డపేలికతో తుడిచినా చాలేది. నా తుప్పు ఆ బురద కిందే మొదలైంది. ఆ బాధ నాకు ఈనాటికీ పోలేదు.

ఈమధ్య అతనికి షుగరు వస్తే డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. బరంపురం వెళ్లి లావు టైర్లు, గేర్లు, ముందు షాకులు ఉన్న కొత్తదాన్ని తెచ్చుకున్నాడు. రంగు చూశాడు, గేర్లు లెక్కపెట్టాడు, కొనేముందు ఎక్కి మాత్రం చూడలేదు. హ్యాండిల్ అందుకోవడానికి వంగితే నడుము పట్టేసింది. మడ్‌గార్డులు లేక వీపంతా బురద చిమ్మింది. కూరల సంచి పెట్టుకోను క్యారియర్ లేదు. వానలు వెనకబట్టేలోపు అదీ నా పక్కకే వచ్చింది. పాపం, దాని తప్పేముంది?

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సైకిలెక్కే వాళ్లకు ఒక మాట. ఎక్కడికి తొక్కుతారో ముందు తేల్చుకోండి. బజారుకీ పొలానికీ అయితే నిటారుగా కూర్చోనిచ్చే హ్యాండిల్, మడ్‌గార్డులు, క్యారియర్ కావాలి. షాకులు బరువే తప్ప అక్కరకు రావు. రెండు కాళ్లూ నేలకు ఆనించి నిలబడితే కడ్డీకి పైన కాస్త జాగా మిగలాలి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ ఉంచితే మోకాలు నిటారుగా సాగాలి. సీటుకు అదే సరైన ఎత్తు. కాలెత్తి వెయ్యడం కష్టమైతే కడ్డీ కిందికి వంగిన లేడీస్ సైకిలు కొనుక్కోండి, మగవాళ్లయినా సరే, సిగ్గుపడకండి. డబ్బు కట్టేముందు దుకాణం వీధిలో ఒక చుట్టు తొక్కి, బ్రేకు పట్టి చూడండి.

నా ఫ్రేము ఇప్పటికీ ఎక్కడా పగల్లేదు. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు మార్చి, చక్రాల్లో బాల్సు కడిగి గ్రీజు పెడితే రేపే రోడ్డెక్కుతాను. కొత్తది కొనడానికి బయలుదేరేముందు మీ ఇంట్లో మూలనున్న సైకిల్ని ఒక్కసారి మెకానిక్‌కు చూపించండి.