కొబ్బరితోటకు లిఫ్టు ఛార్జీలు!

నెట్‌లో దొరికిన నమూనాలో పేర్లు మార్చి సంతకాలు పెడితే దస్తావేజు అయిపోతుందన్నది ఇప్పటి ధీమా. ఏ మహానగరపు ఫ్లాటుకో రాసిన అద్దె పత్రాన్ని కంచిలి కొబ్బరితోట కౌలుకు అతికిస్తే, లిఫ్టు నిర్వహణ ఖర్చు కౌలుదారుదని తేలుతుంది. గట్టు మీది జీడిమామిడి ఫలసాయం ఎవరిదో మాత్రం దేవుడికెరుక! అందులోని ‘పదకొండు నెలలు’ మరో ముచ్చట. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ అన్నది 1908 నాటి కేంద్ర చట్టం మాట. మన రాష్ట్రం 1999లోనే దాన్ని సవరించి, గడువుతో పనిలేకుండా కౌలు పత్రాలన్నింటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. పరాయి రాష్ట్రం కిటుకు ఇక్కడ పారదు. తగవొస్తే ఆ కాగితం కోర్టులో సాక్ష్యంగా నిలవడం కష్టం.

ప్రతిదానికీ వకీలు ఫీజు ఎక్కడ తెచ్చేదంటారా? న్యాయమైన మాటే. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాల్సిందే. రిజిస్ట్రేషన్ శాఖే నమూనా దస్తావేజులు అందుబాటులో పెట్టింది కూడా. కాబట్టి తప్పు నమూనాది కాదు, చదవకుండా ఖాళీలు నింపే చేతిది. పిల్ల సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసేవాళ్లం, ఆస్తి రాసిచ్చేటప్పుడు రెండు పేజీలు చదవలేమా?