నెత్తుటి దారిలో పట్టుపోగు

నేను పట్టుదారాన్ని. తలవెంట్రుకంత సన్నగా ఉంటాను. ఏ రుమాలు అంచు మీదో పువ్వుగా విరియాల్సిన నన్ను వాసెలిన్‌లో ముంచి ఒక సర్జన్ చేతికిచ్చారు. ఆయన పేరు అలెక్సిస్ కారెల్.

ఆయన మా జోలికి ఎందుకొచ్చాడో చెప్పాలి. 1894 జూన్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నోను లియాన్ నగరంలో ఒకడు కత్తితో పొడిచాడు. కాలేయానికి వెళ్లే పెద్ద సిర తెగింది. చుట్టూ వైద్యులున్నా తెల్లవారకముందే ప్రాణం పోయింది. అంత పెద్ద నాళాన్ని కుట్టి నిలబెట్టడం అప్పటి సర్జన్లలో చాలామందికి చేతకాదు. ఆ ఊళ్లోనే వైద్యం నేర్చుకుంటున్న కుర్రవాడు కారెల్‌కు అది మింగుడుపడలేదు. మదామ్ లెరూడియే అనే ఎంబ్రాయిడరీ పనిమంతురాలి దగ్గర సూదిపని నేర్చుకున్నాడు. పట్టుకు పేరుమోసిన ఊరు కదా!

నాళాన్ని కుట్టడం ఒక ఎత్తయితే, కుట్టాక అందులో నెత్తురు పారడం మరో ఎత్తు. లోపలి పొర నున్నగా ఉన్నంతవరకూ నెత్తురు తన దారిన తాను పోతుంది. నాలాంటి పరాయి పోగు తగిలిందా, ప్లేట్‌లెట్లు వచ్చి అంటుకుంటాయి. వాటి మీద ఫైబ్రిన్ వల అల్లుకుంటుంది, ఎర్రకణాలు అందులో చిక్కుకుంటాయి, నాళం పూడిపోతుంది. అలాగని నెత్తురును తప్పుపట్టలేను. సూది పొడిచిన రంధ్రాలను మూసేదీ ఆ గడ్డే. బయట కాస్త కావాలి, లోపల పేరుకోకూడదు. అందుకే నాకు వాసెలిన్ పూత. అందుకే రెండు నాళాల లోపలి పొరలు ఒకదానికొకటి ఆనేలా కుట్టడం.

1908లో, కారెల్ న్యూయార్క్‌లో ఉండగా, అక్కడి ఒక ఇంటికి నన్ను తీసుకెళ్లారు. పుట్టి వారమైనా కాని పాప. నెత్తురు గడ్డకట్టని జబ్బు, ఎంతకీ ఆగని కారుడు. తండ్రి కూడా సర్జనే. ఆయన నెత్తురు పాపకు అందాలంటే ఆయన మణికట్టు ధమనిని పాప మోకాలి వెనక సిరకు కలపాలి. ఆ సిర అగ్గిపుల్ల కన్నా లావుండదు.

కారెల్ ముందు అంచు చుట్టూ సమాన దూరంలో మూడు కుట్లు వేశాడు. వాటిని మూడు వైపులా లాగితే గుండ్రటి నోరు త్రికోణమైంది. ఇక కుట్టాల్సినవి మూడు తిన్నని అంచులే. సూది జారి ఎదుటి గోడను పట్టేసే భయం తగ్గింది. నేను ఒక్కో అంచు వెంట పొరలన్నిటినీ దాటుకుంటూ దగ్గరదగ్గరగా సాగాను. గడ్డను ఆపే హెపారిన్ జాడ 1916లో గానీ దొరకలేదు. ఆ రోజు నాకు దిక్కు కారెల్ చేతులే.

నాళాల మీది బిగింపు వదిలారు. తండ్రి నెత్తురు నా పక్కనుంచి వేడిగా దూసుకుపోయింది, ఆగలేదు. పాలిపోయిన ఒళ్లు ఎరుపెక్కింది, కారుడు నిలిచింది. నా దగ్గర గడ్డకట్టని నెత్తురే బిడ్డ ఒంట్లో కట్టాల్సిన చోట కట్టింది.

పనయ్యాక నన్ను కత్తిరించి తీసేశారు. 1912లో కారెల్‌కు నోబెల్ వచ్చింది. ఇప్పుడు నాళాలు కుట్టేది ఎక్కువగా నీలిరంగు పాలీప్రొపిలీన్ దారంతో. అది నాకన్నా నునుపు, ఒంటికి నాకన్నా తక్కువ ఒరిపిడి. నా చోటు దానికి దక్కినందుకు నాకు నిజంగా సంతోషం. ఆ పాపకొచ్చినట్టు కారుడు రాకుండా, ఇప్పుడు పసిబిడ్డలకు పుట్టగానే విటమిన్-కె ఇంజెక్షన్ ఇస్తున్నారు.