అయిదు తూటాలూ ఒక గృహచ్ఛిద్రమూ

వేళకి పన్నులు కట్టే పౌరుడిగా, డాలస్ శివార్లలో ఒక గ్యాస్ స్టేషన్‌కీ, బ్యాంకువాళ్ల అప్పులో ఉన్న ఒక ఇంటికీ యజమానిగా ఈ ఫిర్యాదు దాఖలు చేసుకుంటున్నాను. ప్రతివాది ఎవరో తేల్చి చెప్పలేను. రివాల్వర్ మీద నాకే కోపమూ లేదు. అది పెట్టినచోట పడుంటుంది. దాని కడుపు నింపడానికి కావలసిన అయిదు తూటాల దగ్గరే మా సంసారానికి శాంతి కరువైంది.

రాత్రి గల్లా మూసి డబ్బు సంచీతో కారు దాకా నడిచే దూరం పట్టుమని యాభై అడుగులుండదు. ఆ యాభై అడుగుల్లో మా ఆవిడ ఊహించని ఘోరం లేదు. "ఏదో ఒకటి దగ్గర పెట్టుకోండి" అని ఆవిడే అంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో అర్హత ఉన్నవాడు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. కాగితం లేని హక్కుని నమ్మే అలవాటు మన రక్తంలో లేదు.

రివాల్వర్ ఎంపిక ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది. 1950లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన చీఫ్స్ స్పెషల్ వంశంలోది. అయిదు గదుల సిలిండర్, రెండంగుళాలకి కాస్త తక్కువ బ్యారెల్, అల్యూమినియం ఒళ్లు. జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తగులుకోకుండా హామర్‌ని లోపల దాచేశారు. అరకిలో కూడా తూగదు. ఇంటికి తెచ్చి, తాళం పెట్టె కొని, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న చర్చ కూడా ప్రశాంతంగా ముగించాం. అక్కడితో సుఖపడ్డ రోజులు అయిపోయాయి.

తుపాకుల దుకాణంలో గాజు కౌంటరు వెనక కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "ఆత్మరక్షణకి తూటాలు" అన్నాను. "ఎన్ని గ్రెయిన్లు?" అన్నాడు. 90 ఉంది, 110 ఉంది, 125, 130, 135, 148, 158 ఉన్నాయట. ఇవన్నీ ముందు ఎగిరే గుండు ఒక్కదాని బరువులు. ఏడు వేల గ్రెయిన్లయితే ఒక పౌను. నాకు తల తిరిగింది గానీ మా ఆవిడ చలించలేదు. పాత లెక్కలో తులం అంటే 180 గ్రెయిన్లని ఎక్కడ విన్నదో, చటుక్కున 90 అంటే అరతులం, 135 అంటే ముప్పావు తులం అని తేల్చేసింది. ఆ తర్వాత పెట్టె మీద ధర చూసింది.

"ముప్పావు తులం సీసానికి డాలరు పైనా? బంగారమైతే పిల్ల పెళ్లికన్నా పనికొచ్చేది."

కుర్రాడికి తెలుగు రాకపోవడం మా అదృష్టం. అతను ఉత్సాహంగా కౌంటరు మీంచి ఒక పేలిన గుండు తీసి చూపించాడు. రాగి తొడుగు ఆరు రేకులుగా విచ్చుకుని, మధ్యలో బూడిదరంగు సీసం, బొడ్డు మల్లెలా ఉంది. దీన్ని హాలో పాయింట్ అంటారు. మొన దగ్గర గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే ఆ గుంటలోకి తడి దూరి గుండుని విప్పుతుంది. విప్పారిన గుండు వెడల్పై, వేగం తగ్గి, లోపలే ఆగుతుంది. వెనకున్న అమాయకుడి దాకా పోదు. ఇక్కడి ఇళ్లలో గోడలంటే అరంగుళం జిప్సం అట్టలు. మా గుంటూరు ఇంట్లో మేకు దిగని గోడల మధ్య పెరిగిన నాకు ఆ భయం బాగానే తలకెక్కింది.

ఈ విచ్చుకునే గుండుకి మన దేశంతో పాత బంధుత్వం ఉందని ఆ కుర్రాడికేం తెలుసు? 1890లలో కలకత్తా పక్క దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో తెల్లవాళ్లు మొన మెత్తగా ఉంచి చేసిన గుండు ఎంత పేరు మోసిందంటే, 1899లో హేగ్‌లో కూడిన దేశాల్లో చాలామటుకు యుద్ధంలో విచ్చుకునే గుండ్లు వాడబోమని ప్రకటన చేశాయి. అంటే సైన్యాలకి ఒద్దన్న సరుకు పాల డబ్బాలమ్ముకునే నాకు ఒప్పిందన్నమాట. పైగా అది కూడా అన్ని రాష్ట్రాల్లోనూ కాదు. ఎడిసన్‌లో ఉండే మా బావమరిది ఫోన్‌లో వివరించాడు. "బావగారూ, మా న్యూజెర్సీలో ఇది ఇంట్లో ఉంచుకోవచ్చు గానీ జేబులో వేసుకుని వీధిలోకి రాకూడదు. గుంటలో ప్లాస్టిక్ మొన కూరిన రకమైతే పర్లేదన్నారు పోలీసులు." నోరు తెరిచి ఉంటే నేరం, నోట్లో ఏదో కుక్కితే మర్యాద. ధర్మశాస్త్రాలు ఇంత సూక్ష్మంగా మనవాళ్లు కూడా రాయలేదు.

సరే, పువ్వు రకమే కొందామంటే అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఆ పువ్వు విచ్చుకోవాలంటే వేగం కావాలి. వేగం రావాలంటే మందు కాలి గుండుని తోయడానికి పొడుగాటి గొట్టం కావాలి. పెట్టె మీద అచ్చేసే వేగాలు సాధారణంగా నాలుగంగుళాల గొట్టంతో కొలిచినవి. నా దానికి అందులో సగం లేదు. పైగా ఎదుటివాడు బట్టలు కట్టుకుంటాడు. ఆ గుడ్డపీలిక గుంటలో ఇరుక్కుంటే గుండు విచ్చుకోకుండా మొద్దులా దూసుకుపోతుంది. ఇది ఊరికే అనుమానం కాదు, పరీక్షలు పెట్టి మరీ తేల్చారు. పది శాతం జెలటిన్‌తో దిమ్మ పోసి, దాని ముందు నాలుగు పొరల డెనిమ్ కట్టి కాలుస్తారు. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయాక ఎఫ్‌బీఐ ఈ జెల్లీ వ్యవహారాన్ని గట్టిగా పట్టించుకుంది. గుండు పన్నెండంగుళాలకి తక్కువ దిగకూడదు, పద్దెనిమిదికి మించి పోకూడదు అని గీత గీసింది. నాలుగు పొరల జీన్సు ఎవడు తొడుక్కుంటాడని అడక్కండి. టెక్సాస్ ఆగస్టులో ఒక్క పొరకే ప్రాణం పోతుంది. జెల్లీకి మాత్రం ఉక్కపోత ఉండదు.

వేగానికి మందుందట. ప్లస్ పి. మామూలు పాయింట్ 38 స్పెషల్ తూటాలో పీడనం చదరపు అంగుళానికి పదిహేడు వేల పౌన్ల దాకా, ప్లస్ పిలో ఇరవై వేల దాకా. అదనపు మూడు వేలూ ఎవరు భరిస్తారు? న్యూటన్ ఎప్పుడో చెప్పాడు. తుపాకీ బరువున్నదైతే అది భరిస్తుంది, అరకిలో కూడా లేనిదైతే మన అరచెయ్యి భరిస్తుంది. రేంజ్‌లో పేల్చి చూశాను. మొదటిది అట్టబొమ్మ గుండెలో పడింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం భగ్గుమంది. రెండోది దాని భుజం దగ్గర. మూడోది తప్పించుకుంది, బొమ్మ కాదు, గుండు. పక్క వరస పెద్దమనిషి చెవి మఫ్లర్ల మీద చేతులు కూడా అడ్డం పెట్టుకున్నాడు.

ఇంకో పీడ ఉంది. తేలికపాటి రివాల్వర్ అంతలా వెనక్కి తన్నుకున్నప్పుడు, ఇంకా పేలని తూటాల్లో గుండు తన ఇత్తడి గొట్టంలోంచి మెల్లగా ముందుకి జారుతుంది. బాగా జారితే సిలిండర్ తిరగదు. అందుకని అయిదోదాని మీద సన్నటి పెన్నుతో గీత పెట్టి, నాలుగు పేల్చి, గీత జరిగిందా లేదా అని చూడమన్నాడు రేంజ్‌లో నాకు నేర్పే ట్రైనర్. కళ్లజోడు పైకెత్తి తూటా గీత చూసుకుంటూ నిలబడ్డ ఈ గృహస్థుణ్ణి దొంగలెవరైనా చూసి ఉంటే జాలిపడి వాళ్ల డబ్బే ఇచ్చి పోయేవాళ్లు.

తన్ను వద్దంటే తేలిక గుండు కొనుక్కోమన్నారు. 90 గ్రెయిన్లది, గులాబీరంగు మొనతో పుట్టినరోజు కేకు మీద పెట్టేదిలా ముద్దుగా ఉంది. చేతికి సుఖమే. కానీ తేలికది కాబట్టి లోతుగా దిగదు, పన్నెండంగుళాల గీత దగ్గర ఆయాసపడుతుంది. బరువైనది లోతుగా దిగుతుంది, విచ్చుకోదు. విచ్చుకుని లోతుగానూ దిగేది మణికట్టుని మింగుతుంది. న్యూయార్క్ పోలీసులు పొట్టి గొట్టాల్లో వాడిన 135 గ్రెయిన్ల రకం నయమన్నారు, నయమే, కానీ ప్లస్ పి. 1970లలో ఎఫ్‌బీఐ రకమని పేరు తెచ్చుకున్న 158 గ్రెయిన్ల మెత్తని సీసం రకం ఇంకా నయమన్నారు. అదీ ప్లస్ పియే. మావాడు ఇంటికొచ్చి "మాగ్నమ్ కొను నాన్నా" అన్నాడు. కాలేజీ ఫీజులు ఇందుకే కడుతున్నాం. 1935లో మాగ్నమ్ తూటాని చేసినవాళ్లు దాన్ని కావాలనే కాస్త పొడుగు చేశారు, నాలాంటివాడి రివాల్వర్‌లో పట్టకుండా.

అనంతపురం పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయన తుపాకీ పాయింట్ 32, కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీది. తూటాలెన్ని కొనాలో లైసెన్సు చెబుతుంది, ఏ రకం కొనాలో దుకాణంవాడు చెబుతాడు, ఉన్నది ఒకటే రకం గనక. అంతా విని ఆయన అడిగాడు: "అన్ని రకాలెందుకురా? అక్కడ దొంగలు అన్ని రకాలా?"

ఈ గొడవంతా విన్న ట్రైనర్, నోరు పెద్దగా విప్పని ముసలాయన, సంచీలోంచి గుప్పెడు తూటాలు తీసి బల్ల మీద పోశాడు. చూడగానే నాణ్యత లేని సరుకనిపించింది. గుండుకి మొనే లేదు. ఇత్తడి గొట్టం అంచుతో సమంగా, కత్తిరించి వదిలేసినట్టు బల్లపరుపుగా సీసం. దాని పేరు వాడ్‌కటర్, 148 గ్రెయిన్లు. కాగితం మీద పోటీలు కాల్చేవాళ్ల కోసం చేసింది. మామూలు గుండు కాగితాన్ని చించుతుంది, ఇది పంచింగ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది. దీనికి గుంట లేదు కాబట్టి జీన్సు గుడ్డతో పేచీ లేదు. విచ్చుకోవడమన్న ఆశే లేదు కాబట్టి వేగం చాలలేదన్న బెంగ లేదు. నెమ్మదిగానే వెళ్లి కావలసినంత లోతు దిగుతుంది. తన్ను ఎంత మెత్తనంటే అయిదూ కాఫీ సాసర్ వెడల్పులో పడ్డాయి. నా మటుకు తీర్పు అయిపోయింది. తగలని పువ్వు కన్నా తగిలే మొద్దు మేలు.

బావమరిది ఒప్పుకోలేదు. "కాగితాలు కోసుకునే గుండా బావగారూ!" అని రెండ్రోజులు బాధపడ్డాడు. తర్వాత న్యాయమైన అభ్యంతరమే తెచ్చాడు. మొన లేని తూటా కంగారులో సిలిండర్ కన్నంలోకి సులువుగా జారదు, అంచుకి తట్టుకుంటుంది. మళ్లీ నింపుకోవాల్సి వస్తే ఎలా? దానికీ ఉపాయం ఉంది. లోపల అయిదూ వాడ్‌కటర్లు, జేబులో పట్టీకి గుచ్చినవి మొన ఉన్న రకం. అయిదు అయిపోయాక కూడా నేను నిలబడే ఉంటాననీ, జేబులో చెయ్యి పెట్టేంత స్థిమితంగా ఉంటాననీ అతనికున్న నమ్మకం చూస్తే ముచ్చటేసింది.

ఇంత తపస్సూ చేసి దుకాణానికి వెళితే, గోడంతా పువ్వులు విచ్చుకునే రకాలే. 148 దగ్గర మాత్రం ఖాళీ అర. పోటీల సీజను కదా, వచ్చినవి వచ్చినట్టే పోతున్నాయి, ఎప్పుడొస్తాయో తెలియదన్నాడు కుర్రాడు. దాంతో ప్రస్తుతానికి రివాల్వర్‌లో ఉన్న అయిదూ ట్రైనర్ దగ్గర చేబదులు తెచ్చినవే. మా ఇంట్లో చేబదులు తెచ్చిన పంచదార వాడుకుని వేరేది కొని ఇవ్వడమే ఆచారం. ఇవి మాత్రం తెచ్చినవి తెచ్చినట్టే తిరిగివ్వాలని మా ఆవిడ వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంది, ఖర్చుల పుస్తకంలో కూడా అలాగే రాసుకుంది.